నీలి వెలుగు ఆయుష్షు: చిట్యాల ల్యాబ్‌లో ఒక ఓఎల్‌ఈడీ అణువును మార్చి గీసిన కేసు

ఈ కేసు ఒక తెల్లటి పౌడర్‌ది. యూవీ దీపం కింద పెడితే ముదురు నీలంగా వెలుగుతుంది. ఫోన్లు, టీవీల ఓఎల్‌ఈడీ తెరల్లో (కరెంటు ఇస్తే తనంతట తానే వెలిగే సేంద్రియ పదార్థపు పొరలున్న తెరలు) నీలం రంగు పొర కోసం ఒక విదేశీ క్లయింట్ గీసుకున్న అణువు అది. దాన్ని తయారుచేసి, సబ్లిమేషన్‌తో (వ్యాక్యూమ్‌లో ఆవిరి చేసి, మళ్లీ గట్టిపడనిచ్చి) శుద్ధి చేసి, చిన్న సీసాల్లో నైట్రోజన్ కింద సీల్ చేసి పంపడం మా పని. మా యూనిట్ నల్గొండ జిల్లా చిట్యాల దగ్గర, హైదరాబాద్–విజయవాడ హైవేకు కొంచెం లోపలికి ఉంటుంది. చౌటుప్పల్ నుంచి ఇటు వరుసగా మందుల కంపెనీలే కాబట్టి మాదీ బల్క్ డ్రగ్ యూనిటే అనుకుంటారు చాలామంది. రియాక్టర్లు అవే, ఫ్లాస్కులు అవే, పనిచేసేవాళ్లూ ఆ చదువు చదివినవాళ్లే. అడిగే ప్రశ్న మాత్రం వేరు. మందు ఒంట్లోకి వెళ్లి దాని పని చేసి బయటికి పోవాలి. మా పదార్థం గాజు మీద వెంట్రుకలో వెయ్యో వంతు కంటే పల్చని పొరగా కూర్చుని, ఏళ్ల తరబడి కరెంటు మోస్తూ చెక్కుచెదరకుండా ఉండాలి.

క్లయింట్ నుంచి వచ్చిన ఫిర్యాదులో రెండు ముక్కలున్నాయి. మేం పంపిన రెండు బ్యాచ్‌ల ప్యూరిటీ కాగితం మీద ఒకటే అయినా, డివైస్‌లో రెండోది మొదటిదానికంటే తొందరగా మసకబారుతోంది. అది ఒకటి. ఇక మంచి బ్యాచ్ అనుకున్నదాని ఆయుష్షు కూడా వాళ్లకు సరిపోవడం లేదు. అది రెండు. వాళ్ల డివైస్ అంకెలు ఒప్పందం ప్రకారం బయట పెట్టకూడదు కాబట్టి ఇక్కడ వెలుగు గీత ఎటు వంగిందో చెబుతాను, ఎన్ని గంటలో చెప్పను. ఈ కేసులో పనికొచ్చే సంగతి గంటల్లో లేదు కూడా. అణువు ఎక్కడ విరిగింది, ఎందుకు విరిగింది అన్నదాంట్లో ఉంది.

నీలానికే ఈ కష్టం ఎందుకు

ఓఎల్‌ఈడీలో ఒక వైపు నుంచి ఎలక్ట్రాన్లు, రెండో వైపు నుంచి హోల్స్ (ఎలక్ట్రాన్ లేని ఖాళీలు, ప్లస్ చార్జ్‌లా నడుస్తాయి) వచ్చి మధ్య పొరలో కలుస్తాయి. కలిసినప్పుడు పుట్టే ఉత్తేజిత స్థితినే ఎక్సైటాన్ అంటాం. ఎలక్ట్రాన్ల స్పిన్ అమరికను బట్టి ఇవి రెండు రకాలు: స్పిన్ లెక్క ప్రకారం 25 శాతం సింగ్లెట్లు, 75 శాతం ట్రిప్లెట్లు. మామూలు ఫ్లోరెసెంట్ అణువు సింగ్లెట్‌ను మాత్రమే వెలుగుగా మార్చగలదు. నాలుగు గింజలు వేస్తే ఒక్కటి మొలిచి మూడు మట్టిలోనే పోయినట్టు. 1987లో కొడాక్‌లో టాంగ్, వాన్‌స్లైక్ చూపించిన మొదటి పల్చటి పొరల డివైస్‌కూ ఇదే పరిమితి. 1998లో ఫారెస్ట్, థాంప్సన్ బృందాలు ప్లాటినం లాంటి బరువైన లోహం ఉన్న అణువులతో ట్రిప్లెట్‌ను కూడా వెలిగించాయి. తర్వాత ఇరిడియం వచ్చింది. ఎరుపు, పచ్చ రంగుల్లో ఈ రోజు తెరలు నడుస్తున్నది ఆ దారిలోనే. 2012లో జపాన్ క్యుషు విశ్వవిద్యాలయంలో అడాచీ బృందం లోహం లేకుండానే ట్రిప్లెట్‌ను వెనక్కి సింగ్లెట్‌గా ఎక్కించే టీఏడీఎఫ్ (వేడి సాయంతో కొంచెం ఆలస్యంగా వెలిగే) అణువులను చూపించింది. సింగ్లెట్, ట్రిప్లెట్ శక్తుల మధ్య తేడా బాగా చిన్నగా ఉంటే గది వేడిమే ఆ ఎక్కింపుకు సరిపోతుంది. క్లయింట్ గీసిన ఆ అణువును మేం ఎస్-1 అంటాం, అదీ ఈ కుటుంబందే.

నీలం దగ్గరకు వచ్చేసరికి శక్తి లెక్క ఎదురు తిరుగుతుంది. 620 నానోమీటర్ల ఎరుపు ఫోటాన్ శక్తి 2 ఎలక్ట్రాన్ వోల్టులు. 460 నానోమీటర్ల నీలం ఫోటాన్‌ది 2.7, అంటే మోల్‌కు దాదాపు 62 కిలో క్యాలరీలు. సేంద్రియ అణువుల్లో బలహీనమైన ఒంటి బంధాలు తెగడానికి కావలసిన శక్తి ఈ అంకెకు ఎంతో దూరంలో ఉండదు. పైగా రెండు ట్రిప్లెట్లు ఢీకొంటే ఒకటి తన శక్తిని రెండోదానికి ఇచ్చేస్తుంది, 2.7 కాస్తా 5.4 అవుతుంది. ట్రిప్లెట్, చార్జ్ మోస్తున్న పక్క అణువు ఢీకొన్నా అంతే. అంత శక్తి ఒక్క క్షణం ఒకే అణువు మీద పడితే తట్టుకునే ఒంటి బంధం దాదాపు ఉండదు.

అందుకే తయారీదారులు నీలం సబ్‌పిక్సెల్‌ను (తెర చుక్కలో నీలం భాగాన్ని) పెద్దదిగా చేసి, అదే వెలుగు కోసం తక్కువ కరెంటు సాంద్రతతో సరిపెడతారు. వెలుగును సగం చేస్తే ఆయుష్షు రెట్టింపుతో ఆగదు, సుమారు మూడు నుంచి నాలుగు రెట్లు పెరుగుతుంది. ఇది తిరగేసి చూస్తేనే మన ఊళ్ల సంగతి అర్థమవుతుంది. నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ రోడ్ల మీద మే నెలలో డెలివరీ పిల్లలు ఫోన్‌ను బైక్ హ్యాండిల్‌కు బిగించి తిరుగుతారు. ఎండలో మ్యాప్ కనిపించాలని ఫోన్ దానంతట అదే ఫుల్ బ్రైట్‌నెస్‌కు పోతుంది. బయట 45 డిగ్రీల దగ్గర ఉంటే, నేరుగా ఎండ పడే తెర లోపల అంతకంటే చాలా ఎక్కువ ఉంటుంది. వెలుగు ఎక్కువ, వేడి ఎక్కువ, గంటలు ఎక్కువ. ఏసీ గదిలో కొలిచిన ఆయుష్షు ఆ పిల్లవాడి ఫోన్‌కు వర్తించదు. నేను ఏ కొత్త అణువు గీసినా ఆ హ్యాండిల్ మీద ఫోన్‌నే లెక్కలో పెట్టుకుంటాను.

వేడితో ఇంకో చిక్కు ఉంది. ఈ పొరలు స్ఫటికాలు కావు, గాజులాంటి అస్తవ్యస్త పొరలు. గ్లాస్ ట్రాన్సిషన్ ఉష్ణోగ్రత దాటితే అణువులు కదిలి స్ఫటికాలు కడతాయి, పొర చెడిపోతుంది. పాత రోజుల్లో ఈ పొరల్లో విరివిగా వాడిన టీపీడీ అనే పదార్థానికి ఇది దాదాపు 65 డిగ్రీలు, సీబీపీకి 62. మన ఎండలకు ఇవి చాలవు. ఎన్‌పీబీ 95 దగ్గరికి తెచ్చింది. మా దగ్గర 120 దాటనిది ఏదైనా మొదటి వడపోతలోనే పక్కన పెడతాం.

రెండు బ్యాచ్‌ల తేడా

ముందు మొదటి ముక్క. ఎస్-1 నిర్మాణం తేలికే: మధ్యలో సల్ఫర్ ఉన్న డైఫినైల్ సల్ఫోన్ ముక్క, రెండు కొసలా నైట్రోజన్ ఉన్న రెండు కార్బజోల్ ముక్కలు. అణుభారం 548. సల్ఫోన్ ఎలక్ట్రాన్‌ను లాగుతుంది, కార్బజోల్ ఇస్తుంది. తయారీ కూడా శుభ్రమైనదే. రెండు ఫ్లోరిన్లున్న డైఫినైల్ సల్ఫోన్ తీసుకుని, క్షారం సమక్షంలో ఆ ఫ్లోరిన్ల చోట కార్బజోల్ ఎక్కిస్తాం. పల్లాడియం ఉత్ప్రేరకం అవసరం లేదు కాబట్టి లోహపు మడ్డి భయం లేదు.

మొదటి అనుమానం సహజంగా ఫ్లోరిన్ మీదికే పోయింది. ఒక కొస స్పందించకుండా మిగిలిపోతే అణువుకు ఫ్లోరిన్ తగిలే ఉంటుంది. ఫ్లోరిన్ అంటే నల్గొండ వాళ్లకు ఉలికిపాటు పుట్టుకతోనే వస్తుంది. మా జిల్లా పేరు మీదనే నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతి ఉంది. ఓఎల్‌ఈడీల్లోనూ ఫ్లోరిన్ మీద చెడ్డపేరు లేకపోలేదు: ఎఫ్‌ఐఆర్‌పిక్ అనే నీలి ఇరిడియం అణువు పనిచేస్తూ పనిచేస్తూ ఫ్లోరిన్‌ను కోల్పోతుంది. నమూనాను కాల్చి, వచ్చిన వాయువును అయాన్ క్రొమటోగ్రఫీలో చూస్తే మొత్తం హాలోజన్ ఎంతుందో తెలుస్తుంది. రెండు బ్యాచ్‌లూ ఒకేలా ఉన్నాయి. హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమాన్ని విడగొట్టి చూసేది) ఒకేలా, మాస్ (అణువు బరువు చూసేది) ఒకేలా, ఎన్‌ఎంఆర్ (అణువు నిర్మాణం చూసేది) ఒకేలా. టీమ్‌లో ఒకరు అడిగిన ప్రశ్న నాకు బాగా గుర్తుంది: "సార్, అన్నీ మంచిగనే ఉన్నయి గద, మరి ఇది ఎందుకు చచ్చిపోతుంది?"

అన్నీ బాగున్నాయంటే మనం అడిగిన ప్రశ్నలన్నిటికీ అది జవాబు చెప్పిందని మాత్రమే. అడగనిది ఒకటి మిగిలి ఉండాలి. బ్యాచ్ రికార్డులు పక్కపక్కన పెడితే కార్బజోల్ లాట్ తప్ప మరేదీ మారలేదు. క్షారం అదే, సాల్వెంట్ అదే, సబ్లిమేషన్ ట్యూబ్ అదే.

కార్బజోల్ ఎక్కడ నుంచి వస్తుందో కెమిస్ట్రీ చదివినవాళ్లకు తెలుసు: ఎక్కువ భాగం బొగ్గు తారు నుంచి. 2021లో సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయం పరిశోధకులు నేచర్ మెటీరియల్స్ పత్రికలో ఒక ముఖ్యమైన సంగతి బయటపెట్టారు. బజారులో దొరికే కార్బజోల్‌లో బెంజో ఇండోల్ అనే ఐసోమర్ (అవే పరమాణువులు, వేరే అమరిక) 0.5 శాతం కంటే తక్కువగా దాగి ఉంటుంది. కార్బజోల్ స్ఫటికాలు దీపం ఆపాక కూడా కాసేపు వెలగడం ఆ పదార్థం స్వభావమే అని అంతకుముందు ఎందరో అనుకున్నారు. వాళ్లు కార్బజోల్‌ను సొంతంగా తయారుచేసి చూస్తే ఆ వెలుగు దాదాపు మాయమైంది. అది కార్బజోల్ గుణం కాదు, ఐసోమర్ పని.

ఈ సంగతి తెలిస్తే పరీక్షకు పెద్ద పరికరమేమీ అక్కర్లేదు. టీఎల్‌సీ చూసే యూవీ పెట్టె, చీకటి గది చాలు. పాత లాట్ పౌడర్, కొత్త లాట్ పౌడర్ రెండు గాజు పలకల మీద పోశాం. దేవరకొండ నుంచి వచ్చి మా క్వాలిటీ విభాగంలో చేరిన అమ్మాయి దీపం ఆపింది. పాతది వెంటనే ఆరింది. కొత్తది పసుపుపచ్చగా ఒక్క క్షణం నిలిచి ఆరింది. "సార్, ఇది ఆపినా వెలుగుతనే ఉంది!" అంది. "ఇంకోసారి ఆపమ్మా" అన్నాను. మళ్లీ అదే. తర్వాత హెచ్‌పీఎల్‌సీలో కాలమ్ మార్చి, గ్రేడియంట్ నెమ్మది చేస్తే కొత్త లాట్‌లో ప్రధాన శిఖరం భుజం మీద చిన్న శిఖరం విడిగా నిలబడింది.

ఇది చివరి పదార్థం దాకా ఎందుకు వెళ్లిందంటే, ఐసోమర్‌లోనూ అదే నైట్రోజన్–హైడ్రోజన్ ఉంది. కార్బజోల్ ఎలా స్పందిస్తుందో అదీ అలాగే స్పందిస్తుంది. తయారైన అణువు బరువు కూడా 548. మాస్‌లో తేడా కనిపించదు, ఎన్‌ఎంఆర్‌లో ఆ కొద్దిపాటి సంకేతం మరుగున పడుతుంది, సబ్లిమేషన్‌లో ఇంచుమించు అదే చోట దిగుతుంది. డివైస్ మాత్రం పోల్చుకుంటుంది. కార్బజోల్ ట్రిప్లెట్ శక్తి 3 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉంటుంది, బెంజో ఇండోల్‌ది అంతకంటే బాగా కింద. పొరలో తిరిగే ట్రిప్లెట్లు పల్లం చూసి అక్కడ చేరి నిలిచిపోతాయి. నిలిచిన చోట గుంపు కడతాయి, గుంపు కట్టిన చోట ఢీకొంటాయి. రెండో బ్యాచ్ తొందరగా తగ్గడానికి నేను చూసే కారణం ఇదే.

పరిష్కారం కొనుగోలు పత్రంలో ఒక వాక్యం మార్చడంతో అయ్యేది కాదు. తారు నుంచి వచ్చే కార్బజోల్‌ను ఎన్నిసార్లు రీక్రిస్టలైజ్ చేసినా ఐసోమర్ పూర్తిగా పోదు. రెండూ ఒకే గూటిలో సర్దుకుంటాయి. నైట్రోబైఫినైల్ నుంచి ట్రైఫినైల్ ఫాస్ఫీన్‌తో కార్బజోల్ కట్టే కాడోగన్ పద్ధతికి మారాం. ఖర్చు ఎక్కువ, ఫాస్ఫీన్ ఆక్సైడ్ చెత్త కూడా ఎక్కువ. కానీ ఐసోమర్ పుట్టే దారే ఉండదు. దాంతో చేసిన బ్యాచ్ మొదటి బ్యాచ్‌తో కలిసి నడిచింది, కొంచెం మెరుగ్గా కూడా. అంటే "మంచి" బ్యాచ్‌లో కూడా ఎంతో కొంత ఐసోమర్ ఉండి ఉండాలి.

మంచి బ్యాచ్ కూడా చాలకపోవడం

రెండో ముక్క అసలు ఇష్టమైన పని. ఇక్కడ శుద్ధి చేయడానికి ఏమీ మిగల్లేదు, అణువే మారాలి.

క్లయింట్ ఒక మంచి పని చేశారు. వెలుగు సగానికి పడిపోయిన డివైస్ నుంచి పొరను గీకి, కరిగించి, మాస్ చూసి ఆ పట్టిక పంపారు. 548 ఉంది, సరే. 167 ఉంది: విడిపోయిన కార్బజోల్. దానికంటే పెద్దగా 243 ఉంది. 243 అంటే ఫినైల్ కార్బజోల్. కార్బన్–నైట్రోజన్ బంధం తెగితే 167 వస్తుంది. 243 రావాలంటే సల్ఫర్ పక్కన, అంటే కార్బన్–సల్ఫర్ దగ్గర తెగాలి. అణువు తన చావుకు కారణాన్ని తానే రాసిపెట్టింది.

ఇక్కడే నేను మా జూనియర్లందరికీ చెప్పే మాట ఒకటుంది. బంధం ఎంత గట్టిదో పుస్తకంలో చూసి ఊరుకోవద్దు. పుస్తకంలో ఉన్నది తీరిగ్గా కూర్చున్న అణువు. తెర లోపల అణువు తీరిగ్గా ఉండదు. ఒక ఎలక్ట్రాన్ అదనంగా మోస్తూ ఉంటుంది, లేదా ఒకటి పోగొట్టుకుని ఉంటుంది, లేదా ఉత్తేజితమై ఉంటుంది. ఆ మూడు స్థితుల్లోనూ ప్రతి ఒంటి బంధాన్నీ విడిగా లెక్క కట్టాలి. ఎస్-1కు లెక్క వేస్తే, మామూలు స్థితిలో 3 ఎలక్ట్రాన్ వోల్టులకు పైగా ఉన్న కార్బన్–సల్ఫర్ బంధం, ఎలక్ట్రాన్ ఎక్కిన స్థితిలో దాదాపు సగానికి దిగిపోయింది. నీలం ఎక్సైటాన్ దగ్గర ఉన్నది 2.7. సల్ఫోన్ ఎలక్ట్రాన్‌ను ఇష్టంగా లాక్కుంటుంది, లాక్కున్నది తన పక్క బంధం మీదే పెట్టుకుంటుంది. ఫాస్ఫీన్ ఆక్సైడ్ అణువుల్లో కార్బన్–ఫాస్ఫరస్ బంధానికీ ఇదే జబ్బు. నీలం పరిశోధనా పత్రాల్లో సామర్థ్యం గొప్పగా ఉండి ఆయుష్షు ఊసే లేని అణువులు కనిపిస్తే, వాటిలో ఈ రెండు ముక్కల్లో ఒకటి ఉందేమో ముందు చూడండి.

సల్ఫోన్‌కు ఇంకో లోపం కూడా ఉంది. కార్బజోల్‌తో జత కట్టినప్పుడు సింగ్లెట్, ట్రిప్లెట్ తేడా తగినంత చిన్నది కాలేదు. ట్రిప్లెట్ వెనక్కి ఎక్కడానికి చాలాసేపు ఎదురు చూస్తుంది. ఎదురు చూసినంతసేపూ ప్రమాదమే. సామర్థ్యం, ఆయుష్షు వేర్వేరు కోరికలని చాలామంది అనుకుంటారు. ఈ కుటుంబంలో మాత్రం రెంటినీ నడిపేది ఒకటే: ట్రిప్లెట్ ఎంత తొందరగా ఖాళీ అవుతుంది అన్నది.

కొత్త గీత

సల్ఫోన్ చోట ఏం పెట్టాలి? ట్రైఅజీన్ గురించి ఆలోచించాం, బోరాన్ గురించి ఆలోచించాం. చివరికి బెంజోనైట్రైల్‌కు, అంటే సయనో గుంపు (ఒక కార్బన్, ఒక నైట్రోజన్) తగిలించిన బెంజీన్‌కు వచ్చాం. సయనో గుంపు బెంజీన్‌ను పట్టుకున్న బంధం 5 ఎలక్ట్రాన్ వోల్టుల పైమాట. మామూలుగా అది తెగదు. సయనో బెంజీన్ చుట్టూ కార్బజోల్‌లు పేర్చే దారి కొత్తది కాదు. 2012లో అడాచీ బృందం చూపిన పచ్చ అణువు 4సీజెడ్‌ఐపీఎన్‌లో రెండు సయనోలు, నాలుగు కార్బజోల్‌లు ఉన్నాయి. సయనో ఒకటి తగ్గిస్తే లాగే బలం తగ్గి రంగు నీలం వైపు జరుగుతుంది. తయారీ కూడా మా చేతికి అలవాటైన ఫ్లోరిన్ మార్పిడే.

నాలుగు కార్బజోల్‌లు పక్కపక్కనే ఉంటే ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఆ నెట్టుడు వల్ల కార్బన్–నైట్రోజన్ బంధం మీద ఒత్తిడి పడుతుంది. ఐదు పెడితే ఇంకా ఇరుకు. కాబట్టి నాలుగు దగ్గర ఆగాం. నెట్టుడు వల్ల లాభం కూడా ఉంది: ఉంగరాలు ఒకదానికొకటి మెలి తిరిగి నిలబడతాయి, ఎలక్ట్రాన్ ఇచ్చే చోటూ పుచ్చుకునే చోటూ విడిపోతాయి, సింగ్లెట్–ట్రిప్లెట్ తేడా చిన్నదవుతుంది. ఎంత ఇరుకు మంచిది, ఎక్కడ దాటితే చెడ్డది అన్నది ఈ డిజైన్‌లో అన్నిటికంటే సున్నితమైన చోటు. మేం ఎక్కువ టైమ్ పెట్టింది దీని మీదే.

తర్వాత కార్బజోల్ 3, 6 స్థానాలు. హోల్ మోస్తున్నప్పుడు కార్బజోల్ అక్కడ చురుగ్గా మారి, పక్క కార్బజోల్‌తో అతుక్కుని జంట కడుతుంది. ఎలక్ట్రోకెమిస్ట్రీ చేసిన వాళ్లందరికీ తెలిసిన పాత సంగతి ఇది. ఆ రెండు చోట్లా టెర్షియరీ బ్యూటైల్ పెడితే దారి మూసుకుపోతుంది. అంతేకాక ఆ గుబురు వల్ల పక్క అణువు మరీ దగ్గరికి రాదు, ట్రిప్లెట్లు ఒకదాన్నొకటి ముట్టుకోవడం తగ్గుతుంది. నాలుగు కార్బజోల్‌లకూ పెడితే అణుభారం 1200 దాటుతుంది. 1000 దాటిన అణువును వ్యాక్యూమ్‌లో ఆవిరి చేయాలంటే వేడి బాగా పెంచాలి, పదార్థం పెట్టే పడవ లాంటి గిన్నెలోనే కాలిపోయే ముప్పు ఉంది. కాబట్టి బయటికి తెరుచుకుని ఉన్న రెండు కార్బజోల్‌లకు మాత్రమే పెట్టాం. అణుభారం దాదాపు 988. నోట్‌బుక్‌లో దీని పేరు ఎన్-4.

కాగితం మీద రెండు రకాల కార్బజోల్‌లు చక్కగా వరుసలో కూర్చుంటాయి. ఫ్లాస్కులో అలా కాదు. సయనో పక్కనున్న రెండు ఫ్లోరిన్లు ముందు కదలాలి, మిగతా రెండు తర్వాత కదలాలి. కదులుతాయి, కానీ మేం గీసిన గీత మీదే నిలబడవు. మొదటి మెట్టులో వేడి కొంచెం ఎక్కువైతే మూడోది కూడా ఎక్కేస్తుంది. క్షారాన్ని సీజియం కార్బొనేట్‌కు మార్చి, కార్బజోల్‌ను చుక్కచుక్కగా వేసి, మధ్య మెట్టు పదార్థాన్ని స్ఫటికంగా పట్టుకుని శుభ్రం చేశాకే రెండో మెట్టుకు వెళ్లడం అలవాటు చేసుకున్నాం. మందుల కంపెనీల్లో ఇంప్యూరిటీ ప్రొఫైల్ పట్టుకునే చెయ్యి ఉన్నవాళ్లు ఇక్కడ బాగా రాణిస్తారు. పాలమూరు యూనివర్సిటీ నుంచి, నల్గొండ ఎన్‌జీ కాలేజీ నుంచి ఎమ్మెస్సీ చేసి వచ్చిన మా పిల్లలు ఈ పనిని చకచకా అందుకున్నారు. వాళ్లకు కొత్తగా నేర్పాల్సి వచ్చింది ఉత్తేజిత స్థితుల లెక్కే.

సబ్లిమేషన్ గురించి ఒక్క మాట. పొడవాటి గాజు ట్యూబ్‌లో ఒక కొస వేడి, ఒక కొస చల్లదనం, లోపల గట్టి వ్యాక్యూమ్. తేలికైన మలినం దూరం పోతుంది, బరువైనది కదలదు, మనది మధ్యలో వలయంగా దిగుతుంది. మే నెలలో మా కూలింగ్ నీళ్లే గోరువెచ్చగా వస్తాయి. చల్లని కొస చల్లగా ఉండదు, వలయం జరిగిపోయి పక్క మలినంతో కలుస్తుంది. చిల్లర్ వేరుగా పెట్టించాకే ఎండాకాలం బ్యాచ్‌లు చలికాలం బ్యాచ్‌లతో సమానంగా వచ్చాయి. ఎవరైనా ఈ ప్రాంతంలో ఇలాంటి ల్యాబ్ పెట్టాలనుకుంటే ఎన్‌ఎంఆర్ కంటే ముందు చిల్లర్ గురించి అడగండి.

డివైస్ ఏం చెప్పింది

ఎన్-4 గీత ఎస్-1 గీతకంటే స్పష్టంగా నెమ్మదిగా దిగింది. మొదటి గంటల్లో వచ్చే నిట్టనిలువు పతనం దాదాపు పోయింది. పాతబడ్డ పొర మాస్‌లో కొత్త ముక్కలు కనిపించాయి. సల్ఫర్ లేదు కాబట్టి ఆ కథ లేదు. ఈసారి విడిపోయింది కార్బజోల్, అంటే తెగింది కార్బన్–నైట్రోజన్. బలహీనమైన లంకె ఒక చోటు నుంచి ఇంకో చోటుకు మారింది, మారిన చోట అది మొదటిదానికంటే గట్టిగా ఉంది. లెక్కలో చూసిందీ ఇదే.

నష్టం కూడా వచ్చింది. బ్యూటైల్ గుంపులు కార్బజోల్ ఇచ్చే బలాన్ని కొంచెం పెంచుతాయి, దాంతో రంగు నీలం నుంచి పచ్చ వైపు ఒరిగింది. పైగా ఇలాంటి అణువుల వెలుగు పట్టీ వెడల్పుగా ఉంటుంది, తెరకు కావలసిన ముదురు నీలం దాంతో రాదు. క్లయింట్ మొదట ఒప్పుకోలేదు. రంగు వెనక్కి తేవాలంటే బ్యూటైల్ తీసేయాలి, తీసేస్తే ఆయుష్షు పోతుంది.

నేను రాసి పంపిన ప్రతిపాదన ఇది: ఎన్-4ను వెలిగించే పని నుంచి తప్పించండి, శక్తి అందించే పనికి పెట్టండి. 2016లో హతకెయామా బృందం చూపిన బోరాన్–నైట్రోజన్ అణువు డాబ్నా వెలుగు 459 నానోమీటర్ల దగ్గర 28 నానోమీటర్ల వెడల్పుతో, చాలా సన్నటి పట్టీగా వస్తుంది. ఆ కుటుంబం అణువులు రంగులో శుద్ధం, కానీ ట్రిప్లెట్‌ను వెనక్కి ఎక్కించడంలో నెమ్మది. ఎన్-4 ఎక్కింపులో చురుకు. కాబట్టి ట్రిప్లెట్‌ను ఎన్-4 సింగ్లెట్‌గా మార్చి, ఆ శక్తిని పక్కనే కొద్దిగా కలిపిన బోరాన్ అణువుకు అందించాలి. వెలిగేది బోరాన్ అణువు. హైపర్‌ఫ్లోరెసెన్స్ అనే ఈ అమరికలో ఎక్సైటాన్ ఎక్కడా ఎక్కువసేపు ఆగదు. ఒరిగిన రంగును కూడా కొంత సర్దాలి, అందించేవాడి శక్తి పుచ్చుకునేవాడి కంటే పైన ఉండాలి కాబట్టి. దాని కోసం బ్యూటైల్ లేని రెండు కార్బజోల్‌లను అలాగే ఉంచి, హోస్ట్‌ను (ఈ అణువులను కలిపే ఆధార పదార్థాన్ని) తక్కువ ధ్రువత్వం ఉన్నదానికి మార్చమన్నాం. చుట్టూ ధ్రువత్వం తగ్గితే ఈ రకం వెలుగు నీలం వైపు జరుగుతుంది. ఆ పొర ఇప్పుడు వాళ్ల దగ్గర పరీక్షలో ఉంది. సన్నటి నీలం వచ్చింది. ఆయుష్షు గీత ఇంకా నడుస్తోంది.

డ్యుటీరియం సంగతి

అందరూ అడిగే ప్రశ్న కాబట్టి చెప్పాలి. 2021 చివర్లో ఎల్‌జీ డిస్‌ప్లే తన టీవీ ప్యానెళ్లలో హైడ్రోజన్ చోట డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) వాడుతున్నట్టు ప్రకటించింది. పాత ప్యానెళ్లతో పోలిస్తే వెలుగు 30 శాతం వరకు పెంచగలమని చెప్పింది. డ్యుటీరియం బరువు రెట్టింపు కాబట్టి కార్బన్–డ్యుటీరియం బంధం నెమ్మదిగా కంపిస్తుంది, తెగడం కూడా నెమ్మది. రంగు దాదాపు మారదు.

క్లయింట్ ఎస్-1నే డ్యుటీరియంతో చేసిమ్మని మొదట్లో అడిగారు. వద్దన్నాను. అక్కడ తెగుతున్నది కార్బన్–సల్ఫర్. హైడ్రోజన్లన్నీ మార్చినా ఆ బంధం ఒక్క పిసరు గట్టిపడదు. ఖర్చు మాత్రం పెద్దది. అణువును సరిగ్గా గీశాక, మిగిలిన నెమ్మది అరుగుదలలో కార్బన్–హైడ్రోజన్ పాత్ర కనిపిస్తే అప్పుడు డ్యుటీరియానికి అర్థముంది. ఎన్-4లో ఆ దశ వచ్చింది. కార్బజోల్‌ను భారజలంలో ప్లాటినం ఉత్ప్రేరకంతో, ఒత్తిడిలో వేడిచేసి హైడ్రోజన్లను మార్చుకుంటున్నాం.

భారజలం కోసం మనం సముద్రాలు దాటక్కర్లేదు. గోదావరి ఒడ్డున మణుగూరులో హైడ్రోజన్ సల్ఫైడ్, నీళ్ల మధ్య మార్పిడితో భారజలం తీసే ప్లాంటు ఉంది, అణుశక్తి శాఖ కింద భారజల బోర్డుది. రియాక్టర్ల కోసం మొదలైన ఆ పరిశ్రమ ఇప్పుడు మందులకు, ఎలక్ట్రానిక్స్‌కు కావలసిన డ్యుటీరియం సమ్మేళనాల వైపు కూడా చూస్తోంది. మణుగూరు నీళ్లు, చిట్యాల ఫ్లాస్కు, నల్గొండ, పాలమూరు పిల్లల చేతులు ఒక నీలి అణువులో కలవడం నాకు ఎంతో ఇష్టమైన విషయం, దీన్ని దాచుకోను.

ప్రస్తుతం మార్పిడి అన్ని స్థానాల్లో సమానంగా జరగడం లేదు. బ్యూటైల్ గుంపుల నీడలో ఉన్న చోట్ల హైడ్రోజన్ మొండిగా మిగులుతోంది, అందుకే ముందు మామూలు కార్బజోల్‌ను మార్చి, తర్వాత బ్యూటైల్ ఎక్కించే వరుసను పరీక్షిస్తున్నాం. ఆ దారిలో బ్యూటైల్ ఎక్కించే ఆమ్లమే కొంత డ్యుటీరియంను వెనక్కి హైడ్రోజన్‌గా మార్చేస్తుందేమో అన్నది ఎన్‌ఎంఆర్‌లో చూడాల్సి ఉంది. కాడోగన్ కార్బజోల్ ప్రతి లాట్‌నూ చీకటి గదిలో దీపం ఆపి చూశాకే స్టోర్‌లోకి తీసుకుంటున్నాం.